పాత షెడ్లకు ముందు కప్పు, తర్వాతే బొమ్మలు

అయ్యా,

సేవలు ముగించుకున్న కుర్సుర జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేసుకున్న ఊరు మనది. 2009లో మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు లాంటి కట్టడాలను, పాత గోదాములను పడగొట్టకుండా గ్రంథాలయాలకూ నాటకాలకూ చిత్ర ప్రదర్శనలకూ ఇవ్వాలని మనసారా కోరుతున్నాను. అయితే గోడలకు రంగులద్ది ప్రారంభోత్సవం చేసేస్తే విశాఖ ఉప్పుగాలికి ఆ పని నాలుగు కాలాలు నిలవదు.

కట్టడాల మీద గాలి లెక్కకు ఐఎస్ 875 అనే భారత ప్రమాణం మన ఊరికి ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు. తుపానులో గాలి కప్పు రేకును నొక్కడం కన్నా పైకి పీకడమే ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎంత పని చేసిందో అందరం చూశాం. రేకును పట్టి ఉంచే జె-బోల్టు పైకి బాగానే కనిపిస్తుంది, వాషరు కింద మెడ దగ్గర తుప్పు తినేసి ఉంటుంది. కొన్నింటిని విప్పి చూడనిదే తెలియదు. సముద్రం కనబడాలని గోడ తీసి పెద్ద తలుపులు పెడితే ముప్పు ఇంకా పెరుగుతుంది. గోడలో తెరుపు 5 శాతం లోపుంటే లోపలి పీడన గుణకం (లోపల చేరిన గాలి ఎంత నెడుతుందో లెక్కకట్టే అంకె) 0.2, 20 శాతం దాటితే 0.7. అప్పుడు గాలి కింద నుంచి నెడుతుంది, పై నుంచి లాగుతుంది. రేకు బోల్టు మొదలు స్తంభాన్ని పునాదికి పట్టి ఉంచే యాంకరు దాకా లెక్క మళ్లీ కట్టాల్సిందే. ఆస్బెస్టాస్ రేకులుంటే డ్రిల్లు పెట్టకూడదు, పగలగొట్టకూడదు. తడిపి, ఒక్కొక్కటిగా దించాలి.

కాంక్రీటు పెచ్చులూడిన చోట సిమెంటుతో మాటు వేసి వదిలేయడం మన దగ్గర మామూలు. కొన్నాళ్లకు ఆ మాటు అంచునే మళ్లీ చీలుతుంది. కొత్త కాంక్రీటులో ఊచ క్షేమంగా ఉంటుంది, పక్కనే ఉప్పు పట్టిన పాత కాంక్రీటులో ఊచ మునుపటికన్నా వేగంగా తుప్పు పడుతుంది. అందుకే ఊచ వెనక 20-25 మిల్లీమీటర్లు చెక్కి, తుప్పంతా గీకి, మాటు అంచున జింకు ఆనోడ్లు (ఊచకు బదులు తాము తుప్పుపట్టి దాన్ని కాపాడే జింకు ముక్కలు) కట్టాలి. కాంక్రీటులో క్షారగుణం మిగిలి ఉందో లేదో చూపే ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే గులాబీ రంగు వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. ఉప్పు చేరిన కాంక్రీటు గులాబీ రంగు చూపిస్తూనే లోపల ఊచను తినేయగలదు. వేర్వేరు లోతుల్లో పొడి తీసి, ఉప్పు ఎంత చేరిందో చెప్పే క్లోరైడు పరీక్ష చేయించాలి. ఇటుక గోడలకు సిమెంటు కాక సున్నపు గార వేయాలి.

రంపపు పళ్ల కప్పు ఉన్న షెడ్డయితే ఉత్తరపు అద్దాలను దయచేసి మూయకండి, చిత్రకళకు అంతకన్నా మంచి వెలుగు లేదు. కాకపోతే మనం 17.7 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం కనుక మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. పటాల మీద ఎండ పడకుండా అద్దాలకు బయట లూవర్లు (ఎండను ఆపే ఏటవాలు పలకలు) కావాలి.

జనం చేరే హాలుకు 2 మీటర్ల వెడల్పున, బయటికి తెరుచుకునే తలుపులుండాలి. గోదాము షట్టరు అత్యవసర ద్వారం కాదు.

డిజైను గీయించడానికి ముందే ఈ పరీక్షలకు వేరే టెండరు పిలిచి, నివేదికను ప్రజల ముందు పెట్టాలని మన నగర పాలక సంస్థ జీవీఎంసీని కోరుతున్నాను. కప్పు పని జనవరిలో మొదలుపెట్టి అక్టోబరు తుపాన్లకు ముందే ముగించాలి. సగం రేకులు బిగించి వదిలిన షెడ్డునే గాలి ముందు లేపుతుంది.

– ఒక నిర్మాణ ఇంజనీరు, మహారాణిపేట, విశాఖపట్నం