పూల బండి ఆగిన రాత్రి ఆదుకున్న వాళ్లందరికీ

నిన్న తెల్లవారుజామున మా వ్యాన్ కడియపులంక పూల మార్కెట్లో లోడు ఎత్తుకుని ఎక్కడా ఆగకుండా కాకినాడ వెళ్లి వచ్చింది. ఇలా వరుసగా ఇరవై రోజులైంది. ఇంకో వారం చూసి రాద్దువుగాని అన్నారు మా ఆయన. కానీ చెప్పాల్సిన కృతజ్ఞతలు మనసులో పెట్టుకుని తిరగడం నా వల్ల కావడం లేదు.

మాకున్నది ఒక్కటే బండి, తొమ్మిదేళ్ల డీజిల్ వ్యాన్. రాత్రి రెండింటికి బంతి, చామంతి, లిల్లీ మూటలు వేసుకుని కెనాల్ రోడ్డు మీద ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట మీదుగా పోతాం. ఐదింటికల్లా కాకినాడ షాపుల ముందు పూలు దిగాలి. ఆరు దాటితే దండలు కట్టేవాళ్లు ఖాళీగా కూర్చుంటారు, ఏడు దాటితే ఆ పూలు ఎవరికీ అక్కర్లేదు.

జూన్ నెలాఖరులో మొదలైంది బాధ. నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయేది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరిగేది గానీ అందుకునేది కాదు. అరగంట ఊరుకుంటే తనంతట తనే స్టార్ట్ అయ్యేది. ఒకచోట డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇంకోచోట స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పులు చదివే పరికరం) పెట్టి, డీజిల్ ఒత్తిడి కొలిచే రైల్ ప్రెషర్ సెన్సర్ పోయిందన్నారు, మార్చాం. పది రోజులకి ఇంజిన్ తిరుగుడు పసిగట్టే క్యామ్ సెన్సర్ అన్నారు, అదీ మార్చాం. బ్యాటరీ కొత్తది వేశాం. చివరికి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సిందే, అరవై వేలు అవుతుంది అన్నారు ఒకరు. మా చిట్టీ పాట ఎత్తే ఆలోచనలో ఉండగా వరలక్ష్మీ వ్రతం వచ్చింది.

శ్రావణంలో ఆ శుక్రవారం మాకు ఏడాదిలో పెద్ద రోజు. గురువారం రాత్రి బండి నిండా పూలు. అనపర్తి దాటకముందే ఆగిపోయింది. అరగంట ఆగాం, ముప్పావుగంట ఆగాం. ఈసారి కదల్లేదు. రోడ్డు పక్కన టీ కాచుకుంటున్న బాబాయి మా మొహాలు చూసి, తన ఎరుకలో ఉన్న ట్రాలీ ఆటో అబ్బాయికి ఫోన్ చేశారు. నిద్రలోంచి లేచి వచ్చాడు ఆ పిల్లాడు. చీకట్లో సెల్‌ఫోన్ లైట్లు పెట్టుకుని మూటలన్నీ మార్చాం. కాకినాడ దాకా వచ్చి డీజిల్ డబ్బులు తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు. "వ్రతం పూలండి, వీటికి కిరాయి ఏంటండి" అన్నాడు. తమ్ముడూ, నీ ఆటోకి ఎప్పుడూ ఏ ఆపదా రాకూడదు. మేం వచ్చేదాకా వేరే సరుకు దించుకోకుండా ఆగిన షాపుల వాళ్లకీ నా దండాలు.

శనివారం బండిని తాడు కట్టి లాక్కుని రాజమండ్రిలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అన్నయ్య గారి షెడ్డుకు తెచ్చాం. పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. ఈ పోస్టు ఎక్కువగా ఆయన కోసమే.

ముందు మా దగ్గరున్న పాత బిల్లులన్నీ అడిగి చదివారు. రెండు వేర్వేరు సెన్సర్ల పేర్లు చూసి, "చెల్లెమ్మా, ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి పోవు. రెండింటికీ ఐదు వోల్టుల కరెంటు ఇంజిన్ కంప్యూటర్ నుంచే వెళ్తుంది. అక్కడ కరెంటు పడిపోతే సెన్సర్లు బాగున్నా చెడిపోయినట్టే కనపడతాయి" అన్నారు. రెండు నెలల్లో మాకు ఇంత అర్థమయ్యేలా చెప్పిన మొదటి మనిషి ఆయన.

అయినా కంప్యూటర్ పోయిందని మాత్రం అనలేదు. "అది ఆఖరి మాట. మిగతావన్నీ తేల్చాకే దాని మీద చెయ్యి వేద్దాం" అన్నారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ చూశారు, పది పైనే ఉంది. ఎర్త్ తీగలు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ బిగించారు. వైరింగ్ మొత్తం చేత్తో కదిపి కదిపి చూశారు. బండి ఆగిపోయి ఉన్నప్పుడు సెన్సర్లకి తీగలు కలిపే ప్లగ్గులు, అంటే కప్లర్లు, ఒక్కొక్కటే పీకి ఐదు వోల్టులు తిరిగి వస్తాయేమో చూశారు. ఏ ఒక్క సెన్సర్ షార్ట్ అయినా మొత్తం లైన్‌ని కిందికి లాగేస్తుందట. అన్నీ పీకినా ఐదు వోల్టులు రాలేదు.

తర్వాత చేసింది నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది. కంప్యూటర్ కప్లర్ ఊడదీసి, దానికి కరెంటు తెచ్చే తీగకీ ఎర్త్‌కీ మధ్య ఒక పాత హెడ్‌లైట్ బల్బు కలిపారు. మీటర్ పెడితే తెగిపోబోతున్న తీగలో కూడా పన్నెండు వోల్టులు చూపిస్తుంది, బల్బుకి మాత్రం నిజంగా కరెంటు కావాలి, కాబట్టి అది అబద్ధం చెప్పదు అన్నారు. బల్బు భగ్గుమని వెలిగింది. అంటే కంప్యూటర్‌కి తిండి సరిగానే అందుతోంది, అదే తిరిగి ఐదు వోల్టులు ఇవ్వడం లేదు.

అప్పుడు కూడా నమ్మేయలేదు ఆయన. బండిని చల్లారనిచ్చి స్టార్ట్ చేశారు. ఇంట్లోంచి వదిన గారి హెయిర్ డ్రయ్యర్ తెప్పించి, ఒక్క కంప్యూటర్ డబ్బా మీదే వేడిగాలి కొట్టారు. మా ఆయన మీటర్ పట్టుకున్నారు, నేను టైము చూశాను. ఎనిమిదో నిమిషంలో అంకె ఐదు నుంచి జారి సున్నాకొచ్చింది. ఇంజిన్ ఆగింది, స్కానర్‌కి కనెక్షన్ పోయింది. ఫ్యాన్ పెట్టి చల్లార్చితే మళ్లీ లేచింది. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అంతే. అప్పుడు అన్నారు, "ఇక ఖర్చు పెట్టొచ్చమ్మా" అని.

కప్లర్ పిన్నుల్లో ఒక మూల పచ్చటి చిలుము ఉంది. బండి కడిగించినప్పుడల్లా ప్రెషర్ నీళ్లు కంప్యూటర్ డబ్బా ఉండే బ్యాటరీ పక్కకీ కొట్టించేవాళ్లం. అక్కడి నుంచే లోపలికి తడి చేరి ఉంటుందన్నారు. మీలో ఎవరికైనా ఆ అలవాటు ఉంటే దయచేసి ఈరోజే మానేయండి. వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పించండి. లారీ ఇరవై నాలుగు వోల్టుల బ్యాటరీతో మన బండికి జంప్ ఇప్పించకండి. ఈ రెండూ ఆయన పదేపదే చెప్పారు.

కొత్త కంప్యూటర్ మా తాహతుకు మించింది. బెజవాడ ఆటోనగర్‌లో యాక్సిడెంట్ అయిన బండి నుంచి తీసినది దొరికింది. డబ్బా మీద పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా కలిస్తేనే కొనమని అన్నయ్య గారు ఫొటో తెప్పించుకుని రెండుసార్లు సరిచూశారు. అయితే అది తెచ్చి బిగించేస్తే సరిపోదట. తాళం చెవి లాక్ కంప్యూటర్‌తో ముడిపడి ఉంటుంది, వేరేది పెడితే ఇంజిన్ అందుకోదు. అక్కడే ప్రోగ్రామింగ్ చేసే ఒక కుర్రాడు పాతదాన్ని చల్లగా ఉంచి, అందులోని డేటా అంతా దీంట్లోకి ఎక్కించాడు. పని మొదలుపెట్టే ముందు ఆర్సీ, మా ఆయన ఆధార్ చూపించమన్నాడు. "దొంగబండ్లకి చెయ్యనండి" అన్నాడు. ఆ మాటతో అతని మీద గౌరవం పెరిగింది.

బండి స్టార్ట్ అయింది, నేను ఏడ్చేశాను. అన్నయ్య గారు మాత్రం ఇంకా వదల్లేదు. టార్చి, చిన్న అద్దం పెట్టి ఇంజెక్టర్ల నెత్తిన చెక్కి ఉన్న కోడ్లు చదివి, స్కానర్‌లో ఉన్నవాటితో పోల్చారు. మూడోది కలవలేదు. ఇంజెక్టర్ మార్చితే దాని కోడ్ కంప్యూటర్‌లో ఎక్కించాలట; రెండేళ్ల కిందట ఆ ఇంజెక్టర్ మార్చినప్పుడు ఎక్కించకుండా వదిలేశారన్నమాట. అది సరిచేయగానే ఇన్నాళ్లూ డీజిల్ బండి కదా అని సరిపెట్టుకున్న ఆ టకటక శబ్దం తగ్గిపోయింది.

మొత్తం అయిన ఖర్చు, ఆ ఇంజెక్టర్లకి చెప్పిన దాంట్లో సగం లోపే. రెండు రోజుల పరీక్షలకి కూలి తీసుకోమంటే ఒక రోజుదే తీసుకున్నారు. మేం అనవసరంగా తీయించేసిన పాత సెన్సర్లు పరీక్షించి, కవర్లో కట్టి, "ఇవి బాగున్నాయి, బండిలో ఉంచుకోండి" అని చేతిలో పెట్టారు. ఆ రెండు రోజులూ మాకు కూడా అన్నం వండి పెట్టిన వదిన గారికి ఏమిచ్చినా తక్కువే.

అన్నయ్య గారూ, దసరా దగ్గర పడుతోంది. ఆయుధ పూజకి మీ షెడ్డుకి, మీ పనిముట్లకి, ఆ హెడ్‌లైట్ బల్బుకి కూడా బంతి దండలు మేమే తెస్తాం. ఈసారి మార్కెట్లో కొనకండి.