దూలం చూడమన్నా

ఒరేయ్ బ్యాటరీ,

నీ ఉత్తరమొచ్చి రెండు నెలలు దాటింది, తిట్టుకోబాక. ఇంట్లో అందరం బాగుండాం. చిన్నమ్మికి చెన్నైలో ఉద్యోగమొచ్చింది, తోతాపురికి ఈ ఏడూ ధర లేదు. మిగతావి మళ్లీ రాస్తా. ఈ ఒక్క సంగతి నీకు చెప్పకుంటే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

పోయిన మంగళవారం రాత్రి మా మేనల్లుడు కాయలకు కాపలా అని తోటలో కొట్టంలో చాపేసుకుని పడుకున్నాడు. (అదే కొట్టం, మన 'రెండో తిరుమల'. ఆ పేరెందుకో మా అక్కకు ఇప్పటికీ తెలీదు.) తెల్లారుజామున నాలుక్కు ఇంటికొచ్చి కడుపునొప్పి అన్నాడు. రెండుసార్లు కక్కినాడు. అక్క వాము నలిపిచ్చింది. వాడి స్నేహితుడు ఫోన్లో చూసి గ్యాస్ మాత్ర వేస్తే పోతుందన్నాడు. నేను లేచొచ్చి వాడి మొహం చూసినా. రెప్పలు సగం వాలుండాయి. "నిద్రమొహం లే మామా" అన్నారు. "పైకి చూడరా, ఆ దూలం చూడు" అన్నా. నొసలు ముడతలు పడింది గానీ రెప్పలు లేవలా.

నాకు కాళ్లు వణికినాయిరా. అది వాడి మొహం కాదు. 1984 కార్తీకంలో, చెనక్కాయ కళ్లం కాడ, మీ తమ్ముడి మొహం.

ఆ పొద్దు మనమూ కడుపునొప్పే అనుకుని సోడా తాపినాం. గాటు లేదు, వాపు లేదు, పామని ఎవరికి తోస్తుంది? తోచేసరికి మంత్రం, వేపమండలు... నీకు నేను చెప్పేదేముంది.

కట్లపాముది సన్నకోర, నిద్రలో కరిచినా తెలీదు. విషం ముందు రెప్పల్ని పడేస్తుంది, తర్వాత గొంతు, ఆఖరికి ఊపిరి. ఇదంతా ఇన్నేళ్లలో కనబడిన డాక్టరునల్లా అడిగి తెలుసుకున్నా. ఎందుకడుగుతున్నానో అప్పుడు నాకే తెలీదు.

కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నడిపించొద్దని అరిచినా. కారులో ఎడమపక్కకు పడుకోబెట్టి తిరుపతి రుయా ఆస్పత్రికి తీసుకుపోయినాం. డాక్టరమ్మకు మన చిన్నమ్మి వయసుంటుంది. "గాటు కనబళ్లేదమ్మా, కింద పడుకున్నాడు, రెప్పలు వాలినాయి" అన్నా. అంతే, "ఒకే ఊపిరిలో అంకెలు చెప్పు" అంది వాణ్ణి. పదకొండు కాడ ఆగిపోయినాడు. ఆమె ఇంకో ప్రశ్న అడగలా. మందెక్కించింది, వెంటిలేటర్ పెట్టించింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే మందంట. పామును చంపి పట్టుకు రావాల్సిన పని లేదంట. అది కూడా అప్పుడు మనకు తెలీదు. పామును వెతుకుతూ ఎంతసేపు పోగొట్టినామో!

శుక్రవారం గొట్టం తీసినారు. గొంతు బొంగురుగా, "మామా, దూలం చూడమంటావా?" అన్నాడు. అక్క వాడి కాళ్లు పట్టుకుని ఏడ్చింది. నేను బయట వేపచెట్టు కింద కూర్చుని ఏడ్చినా.

ఒరే, పదిహేడేళ్లప్పుడు మన కాళ్లలో ఎంత బలముండింది! తిరుమల మెట్లు ఉరుక్కుంటా ఎక్కినోళ్లం. ఆ పొద్దు ఆ బలం దేనికి పనికొచ్చింది? ఇప్పుడు యాభై ఎనిమిది. మోకాళ్లు పట్టేస్తున్నాయి, అయినా ఆ మొహం నా దగ్గరుండింది. ఇంట్లో అంతమంది వాడి రెప్పల్నే చూస్తున్నారు, ఒక్కరికీ కనబళ్లా. నన్ను ఆ రాత్రి లేపింది మీ తమ్ముడేరా. నేనట్లే అనుకుంటున్నా.

మీ అమ్మకు చెప్పాలా వద్దా? చెబితే పాత పుండు రేగుతుందేమో. చెప్పకుంటే, వాడి పేరు మీద ఒక పిల్లోడు బతికినాడని ఆమెకు తెలియకుండానే... నువ్వే ఆలోచించి రాయి. ట్రాక్టరొచ్చింది, కాయ ఎత్తాల. ఉంటా.