మార్చి వార్తాలేఖ: కంబాలకొండలో ఏం జరిగిందంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్న రెండో శనివారం పిట్టల కూతలు వినడానికి ఏడో తరగతి పిల్లలను విశాఖ దగ్గరి కంబాలకొండ అడవికి తీసుకెళ్లిన బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. టైరు పంక్చరైంది, స్టెప్నీలో గాలి లేదు. ముందే చూసుకోకపోవడం మా తప్పే, క్షమించండి. కానీ "పిల్లలు అడవిలో తప్పిపోయారట" అని వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక్క మెసేజ్ ఇంటింటా టెన్షన్ పెట్టింది. ఆ సమయానికి పిల్లలు గేటు దగ్గర కూర్చుని ఇడ్లీలు తింటున్నారు. దయచేసి ముందు ఆఫీసుకు ఫోన్ చేయండి.

"పరీక్షల ముందు ఈ పిట్టల గోలేంటి మేడమ్?" అని కొందరు అడిగారు. చెబుతాను. చెట్ల కింద పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమన్నాం. కాసేపు గుసగుసలు, తర్వాత నిజంగా వినడం మొదలైంది. కంసాలిపిట్ట టుక్, టుక్, టుక్ అని సుత్తి దెబ్బల్లా ఒకే స్థాయిలో కూస్తుంది. కోకిల కుహూ మాత్రం ఒక్కో కూతకూ పైకి పోతుంది. డేగలా కనిపించే ఇంకో కోకిల జాతి పక్షిదీ పైకెక్కే గొంతే, అందుకే రెండూ ఒకటే అనుకున్నారు పిల్లలు. మళ్లీ వింటే తేలింది: కోకిలది రెండు స్వరాల కూత, దానిది మూడు. ఆ మూడే ఇంకా పైన, ఇంకా పైన పలికి, గొంతు పగిలిపోతుందేమో అనిపించే చోట టక్కున ఆపేస్తుంది.

లెక్కలంటే భయపడే 'బి' సెక్షన్ అమ్మాయి ఈ మూడింటినీ గ్రాఫు కాగితం మీద గీసింది. కంసాలిపిట్టకు ఒకే గీత మీద సమానదూరంలో చుక్కలు, కోకిలకు వాలుగీత, మూడోదానికి మెట్లు. ఆ కాగితం నా బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను, వచ్చి చూడండి. కంసాలిపిట్టలు రెండున్నాయని అందరూ అంటుంటే, వెనక బెంచీ అబ్బాయొకడు కొమ్మ మీంచి చూపు తిప్పకుండా "ఒకటే మేడమ్, తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తోంది" అన్నాడు. నాకెంత సంతోషమేసిందో!

ఒక మాట చెప్పక తప్పదు. వెళ్లేటప్పుడు బస్సులో సగంమంది నిద్రే. అడిగితే రాత్రి పన్నెండున్నర దాకా ఫోన్ చూశారట. కోకిల కూత ఎక్కడ విన్నారంటే నలుగురు "రింగ్‌టోన్‌లో" అన్నారు. భోజనాల దగ్గరైనా ఇయర్‌ఫోన్లు తీయించండి.

ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించొచ్చు కదా అని ఒక నాన్నగారు సలహా ఇచ్చారు. వద్దండీ. ఇంకో మగపిట్ట తన చోటికి వచ్చిందనుకుని అది మేత మానేసి వెతుక్కుంటుంది.

15 నుంచి ఒంటిపూట బడి, బస్సు టైములు డైరీలో ఉన్నాయి, మూడో టర్మ్ ఫీజు నెలాఖరులోపు.

నాలుగో శనివారం 'ఎ' సెక్షన్ వెళ్తుంది. బస్సు అయిదింటికి. స్టెప్నీ నేనే చూస్తాను. మీరు పిల్లలను పదింటికల్లా పడుకోబెట్టండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు