పెట్రోలు మీటరు తప్పు చూపిస్తే ఎవరిని అడగాలి?

సంపాదకుడికి,

బంకులో కొలత మీద అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రలో పట్టి చూపించమని అడిగే హక్కు మనకుంది. ఆ పంపులకు తూనికలు కొలతల శాఖ సీలు కూడా వేస్తుంది. అదే పెట్రోలు బండి ట్యాంకులో పడ్డాక, అది ఎంత ఉందో చెప్పే మీటరు తప్పు చూపిస్తే మాత్రం అడిగే దిక్కు లేదు. షోరూంకు వెళ్తే ‘అన్ని బండ్లూ అంతే సార్’ అని పంపించేస్తారు.

పాత కార్బురేటర్ బండ్లకు ట్యాంకు కింద నాబ్ ఉండేది. బండి జర్క్ ఇవ్వగానే రిజర్వ్‌కు తిప్పుకుంటే, మీటరు పనిచేసినా చేయకపోయినా బంకు దాకా వెళ్తామనే ధైర్యం ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పొగ తగ్గింది, అది మంచిదే. కానీ నాబ్ పోయింది. ఇక నమ్ముకోవాల్సింది మీటరునే.

ఆ మీటరేమో ట్యాంకులో తేలే చిన్న ఫ్లోట్ మీద ఆధారపడుతుంది. ట్యాంకు అడుగు మధ్యలో పైకి లేచి ఉంటుంది కాబట్టి పెట్రోలు మట్టం ఒకే తీరున తగ్గదు. అందుకే మీటరులో మొదటి గళ్లు చాలా దూరం వస్తాయి, చివరివి గబగబా పడిపోతాయి. సైడ్ స్టాండ్ మీద ఒక లెక్క, నిటారుగా నిలబెడితే ఇంకో లెక్క. డౌనూరు నుంచి లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు మూడు గళ్లు చూపించిన బండే, దిగేటప్పుడు ఒక్క గడి మిణుకుమనిపిస్తుంది.

పైగా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. పాత ద్విచక్ర వాహనాల మైలేజీ 3-4 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. అంటే పాత అలవాటు లెక్కలూ పనికిరావు.

పట్నంలో అయితే బండిని కాస్త తోస్తే బంకు వస్తుంది. ఏజెన్సీలో టీచర్లు, ఆశా కార్యకర్తలు, సంతకు వెళ్లేవాళ్లు చీకటి పడ్డాక అడవి మధ్య ఆగిపోతే ఏం చేయాలి? సీసా పట్టుకుని ఎవరైనా బంకుకు వెళ్లినా పోయరు. ఇంజెక్షన్ బండిలో ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోలు పంపే పంపు చల్లబడేది ఆ పెట్రోలు వల్లే. ట్యాంకు ఎండేదాకా నడిపితే ఆ పంపు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

హెచ్చరిక లైటు వెలిగినప్పుడు ట్యాంకులో ఎంత పెట్రోలు మిగిలి ఉంటుందో మూత దగ్గరే స్టిక్కర్ మీద రాయాలని కేంద్ర రవాణా శాఖ కంపెనీలకు నిబంధన పెట్టాలి. అంతకంటే తక్కువ ఉన్నట్టు తేలితే వారంటీలో సెన్సర్ మార్చి ఇవ్వాలి. మన దగ్గర గిరిజన సహకార సంస్థకు సొంత బంకులున్నాయి. బంకులే లేని లోపలి రోడ్లకు వాటిని విస్తరించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు,
చింతపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా