హాలు తాళం తీస్తే చాలు

సంపాదకులకు నమస్కారం.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలైన దగ్గర నుంచి దాని మీద చర్చంతా ఖర్చు, రద్దీ, ఆటోవాళ్ల నష్టం చుట్టూనే తిరుగుతోంది. మా సత్యనారాయణపురం సంగతి ఒకటి చెబుతాను. మా అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉండే పిన్నిగారికి డెబ్బై దాటాయి. భర్త పోయాక దివిసీమలో ఇల్లు అమ్ముకుని కొడుకు దగ్గరికి వచ్చారు. కొడుకూ కోడలూ మంచివాళ్లే, కాకపోతే పొద్దున వెళితే రాత్రికే రాక. ఈవిడ మధ్యాహ్నం పూట ఆధార్ కార్డు పట్టుకుని సిటీ బస్సెక్కుతారు. జీరో టికెట్టు తీసుకుని బస్టాండు దాకా వెళ్లి, మరో బస్సులో తిరిగొస్తారు. అక్కడ పనేమీ లేదు. "ఏ ఊరమ్మా?" అని పక్క సీటావిడ అడిగితే చాలు, మాట కలుస్తుంది. ఈ లాభాన్ని ఏ పద్దులో రాస్తారో మరి!

ఒంటరితనాన్ని ముసలివాళ్ల చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దానితో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8.71 లక్షల మరణాలకు దానితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించింది. గుండెజబ్బు, పక్షవాతం, మతిమరుపు ముప్పు పెరుగుతుందట.

మగవాళ్లకు టీ కొట్టు ఉంది, పార్కులో పేపరు చదువుతూ గంటలు గడిపినా అడిగేవారుండరు. మాకు మిగిలింది గుడి. శుక్రవారం లలితా సహస్రనామ పారాయణ అయ్యాక ప్రసాదం తింటూ చెప్పుకునే కబుర్లే వారమంతటికీ సరిపెట్టుకోవాలి. ఇతర మతాలవారి మాటేమిటి? అంతగా భక్తి లేని వాళ్ల మాటేమిటి? (అలాంటి వాళ్లూ ఉన్నాం.) పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, సంతోషం. ఆపద వస్తే వృద్ధుల సహాయవాణి 14567 ఉంది. ఊసుపోని మధ్యాహ్నానికి మాత్రం ఏ నంబరూ లేదు.

నగరపాలకులకు నా మనవి ఒక్కటే. పెళ్లిళ్లు, ఫంక్షన్లు లేని రోజుల్లో కమ్యూనిటీ హాళ్లను మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు మా వయసు ఆడవాళ్ల కోసం తెరవండి. మోకాళ్ల నొప్పులతో చాపల మీద కూర్చోలేం కనుక కుర్చీలు వేయించండి. అన్నిటికన్నా ముఖ్యం, గడియ పడే మరుగుదొడ్డి, అందులో నీళ్లు. బయటికి వెళ్లాలంటే గంట ముందు నుంచే మంచినీళ్లు మానేసే ఆడవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో అధికారులు ఇంట్లో తమ అమ్మలను అడిగితే తెలుస్తుంది. ఉపన్యాసాలు, శాలువాలు, ప్రారంభోత్సవాలు వద్దు. పప్పు ఏరుకుంటామో, పచ్చీసు ఆడుకుంటామో, కోడళ్ల మీద చాడీలే చెప్పుకుంటామో మా ఇష్టం.

ముందు ఒక్క వార్డులో పెట్టి చూడండి. సిబ్బంది లేరనుకుంటే తాళంచెవి మాకే ఇవ్వండి. ఊడ్చి, కుర్చీలు సర్ది, ఆరింటికి తాళం వేసి అప్పగిస్తాం.

— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ