‘ఒకే దేవుడు’ అనే ముందు

సంపాదకులకు,

అయ్యా,

అన్ని మతాలూ ఆరాధించేది ఒకే దేవుణ్నని కేథలిక్ సంఘమే అంగీకరించిందన్న మాట పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. దీనికి ఆధారంగా చూపేది 1965 అక్టోబరు 28న కేథలిక్ బిషప్పుల సభ అయిన రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ‘నోస్త్రా ఏతాతే’ ప్రకటన. అయితే ఆ ప్రకటన అంత మాట అనలేదు. ముస్లిములు భూమ్యాకాశాలను సృష్టించిన ఏకైక దేవుణ్ని ఆరాధిస్తున్నారని స్పష్టంగా చెప్పి, ఆ వెంటనే వారు యేసును దేవుడిగా అంగీకరించరని కూడా గుర్తు చేసింది. హిందువుల విషయానికి వచ్చేసరికి వారు దైవ రహస్యాన్ని ధ్యానిస్తారని, పురాణాల ద్వారానూ తత్త్వ విచారణ ద్వారానూ దానిని వ్యక్తం చేస్తారని గౌరవంగా పేర్కొన్నదే తప్ప, వారి ఆరాధ్యం తమ దేవుడేనని అనలేదు. ఈ తేడా యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

మరోవైపు, త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న విశ్వాసాన్ని, నిరాకరించేవారు కొలిచేది వేరే దేవుణ్నని అనేకమంది ప్రొటెస్టంట్లు గట్టిగా వాదిస్తారు. ముస్లిములూ క్రైస్తవులూ ఒకే దేవుణ్ని ఆరాధిస్తారని 2015 డిసెంబరులో రాసినందుకు అమెరికాలోని ప్రొటెస్టంట్ విద్యాసంస్థ వీటన్ కాలేజీ ప్రొఫెసర్ లరీషియా హాకిన్స్‌ను యాజమాన్యం సెలవుపై పంపింది. కొద్ది వారాలకే ఆమె ఆ కాలేజీని వీడవలసి వచ్చింది. కుమారుణ్ని ఒప్పుకోనివానికి తండ్రి లేడని యోహాను మొదటి పత్రిక చెబుతున్నది కనుక ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. కానీ అదే కొలతతో చూస్తే యూదులు కూడా వేరే దేవుణ్నే కొలుస్తున్నారని చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే వారూ త్రిత్వాన్ని అంగీకరించరు. యూదుల గ్రంథమే అయిన పాత నిబంధనలోని దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని రెండవ శతాబ్దంలో బోధించిన మార్సియన్‌ను రోమా సంఘం వెలివేసిన సంగతి ఈ వాదులకు తెలియనిది కాదు. యూదులకు ఇచ్చే మినహాయింపు ముస్లిములకు ఎందుకు చెల్లదో వారు వివరించాలి. నేను చదివినంతలో ఆ వివరణ తృప్తికరంగా లేదు.

చిక్కంతా ఎవరిని ఆరాధిస్తున్నారన్నదీ, ఆయనను సరిగా ఎరిగి ఆరాధిస్తున్నారా అన్నదీ కలిపివేయడంలో ఉంది. యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో యేసు, ఆరాధన విషయంలో యూదులతో విభేదించిన సమరయులలో ఒక స్త్రీతో, మీరు మీకు తెలియనిదానిని ఆరాధిస్తున్నారని, రక్షణ యూదులలో నుండే వస్తుందని అన్నాడు. సమరయులు మరో దేవుణ్ని కొలుస్తున్నారని మాత్రం అనలేదు. ఆరాధ్యుడు ఒక్కడే అని ఒప్పుకున్నంత మాత్రాన రెండు మార్గాలూ సమానమని ఒప్పుకున్నట్లు కాదని ఈ ఒక్క సంభాషణే చూపుతోంది. 2000లో వాటికన్ వెలువరించిన ‘దోమినుస్ యేసుస్’ పత్రం యేసే ఏకైక రక్షకుడని మళ్లీ ఉద్ఘాటించినా, ముస్లిముల గురించి 1965లో చెప్పిన మాట చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే.

ఇక మన దేశంలో ‘హిందువుల దేవుడూ అదే దేవుడా’ అని గుండుగుత్తగా అడిగితే జవాబు రాదు. జగత్తును సృష్టించి భక్తుల మొర ఆలకించే రామానుజుల నారాయణుడి గురించి క్రైస్తవుడు అడగవలసిన ప్రశ్న ఒకటి, ఏ గుణాలూ లేని, అద్వైతుల నిర్గుణ బ్రహ్మాన్ని గురించి అడగవలసినది పూర్తిగా వేరొకటి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు