కాలనీ క్రైస్తవ కుటుంబాల సహవాసం – 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు. రిపోర్టు లేటయ్యింది, డిసెంబర్ నెలాఖరుకే ఇస్తానన్నాను గానీ క్రిస్మస్ హడావుడి, తర్వాత ట్రెజరర్ గారి మనవరాలి ఓణీల ఫంక్షను, ఇలా జరిగి జరిగి సంక్రాంతి దాటిపోయింది. కొంచెం పెద్దగానే ఉంటుంది, విసుక్కోకుండా చివరిదాకా చదవండి, చివర్లో నా సొంత విషయం ఒకటి ఉంది, అది చదవకుండా జనరల్ బాడీకి మాత్రం రావద్దని మనవి.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. గృహకూడికలు నెలకొకటి చొప్పున పన్నెండు జరగాల్సింది, పది జరిగాయి, రెండు వానలకి పోయాయి. మే నెలలో పిల్లలకి వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి) పెట్టాం. సెమీ క్రిస్మస్, కేరల్స్, దుప్పట్ల పంపిణీ ఎప్పట్లాగే. ఫోటోలన్నీ గ్రూపులో ఉన్నాయి కాబట్టి ఇక్కడ రాయట్లేదు.

ఈ ఏడాది అసలు సంగతి మనం ఎంచుకున్న అంశం. పోయిన జనవరి జనరల్ బాడీ ఎలా ముగిసిందో అందరికీ గుర్తుండే ఉంటుంది, టెంట్ హౌస్ బిల్లు దగ్గర మొదలై చందాల లిస్టు దాకా వెళ్ళి, ముగింపు ప్రార్థనకి సగం మంది కూడా మిగల్లేదు. అప్పుడు మన పాస్టర్ అయ్యగారే అన్నారు, ఈ సంవత్సరం వేరే వాక్యం ఏదీ వద్దయ్యా, కొలొస్సయులకు 3:13 ఒక్కటి పట్టుకోండి చాలు అని. "ఒకని నొకడు సహించుచు ఒకని నొకడు క్షమించుడి." బ్యానర్ కొట్టించాం, బాగానే వచ్చింది. బ్యానర్ వరకు బాగానే వచ్చింది అని రాయడం ఇంకా కరెక్టు.

ఫిబ్రవరి కూడికలో మత్తయి 18 చదివాం. నా సహోదరుడు తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగితే యేసు ప్రభువు "డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" అన్నాడు గదా. ఆ మాట చదవగానే ఒక పెద్దాయన, డెబ్బై ఏళ్ళంటే నాకు ఇంకో రెండేళ్ళే ఉంది, ఈ రెండేళ్ళు ఓర్చుకుంటా అన్నారు, అందరం నవ్వేశాం. నవ్వాం గానీ ఆ గదిలో సగం మంది చిన్నప్పట్నుంచీ దాన్ని డెబ్బై సంవత్సరాలనే అనుకుంటున్నారు. అక్కడ ఏళ్ల అంటే ఏడుల అని, డెబ్బై ఏడులు అంటే నాలుగొందల తొంభై అని అయ్యగారు చెప్పారు. మళ్ళీ ఒకామె నాలుగొందల తొంభై ఒకటోసారి ఏం చెయ్యాలండీ అని అడిగింది, అంతదాకా లెక్క రాసుకున్నావంటే మొదటిసారి కూడా క్షమించనట్టేనమ్మా అన్నారు అయ్యగారు.

ఆ వెంటనే పదివేల తలాంతుల ఉపమానం వస్తుంది, రాజు తన బాకీ అంతా మాఫీ చేసినా ఆ దాసుడు తనకి బాకీ ఉన్న తోటి దాసుణ్ణి మాత్రం జైల్లో వేయిస్తాడు. దాని మీద మన ట్రెజరర్ గారు కాలిక్యులేటర్ తీశారు. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు, దేనారం అంటే ఒక రోజు కూలి. మన దగ్గర రోజు కూలి 600 వేసుకుంటే ఆ దాసుడు రాజుకి ఉన్న బాకీ 3,600 కోట్లు. తోటి దాసుడు వాడికి ఇవ్వాల్సింది నూరు దేనారాలు, అంటే 60 వేలు. ఇన్నాళ్ళూ ఆ నూరు దేనారాలు చిల్లర డబ్బులు అన్నట్టు ప్రసంగాల్లో విన్నాం, అరవై వేలు చిల్లరేం కాదండీ, మన కాలనీలో అరవై వేల చిట్టీ ఎగ్గొట్టినందుకు ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్ళున్నాయి. నాకు ఆ లెక్క చాలా నచ్చింది. మనకి జరిగిన నష్టం ఉత్తిదని ప్రభువు అనలేదు, అరవై వేలు అరవై వేలే. పక్కన 3,600 కోట్లు పెట్టి చూపించాడు అంతే.

ఇంకోటి కూడా ఆ రోజే బయటపడింది. మనలో లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తు వాళ్ళు, ఆర్సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు అందరూ ఉన్నారు. ప్రభువు ప్రార్థనలో మనం "మా ఋణస్థులను" అంటాం, ఆర్సీఎం వాళ్ళ పరలోక జపంలో "మా యొద్ద అప్పుబడిన వారిని" అని ఉంటుంది. ఋణస్థులు అంటే ఏదో గుడి భాషలాగా చెవి పక్కనుంచి పోతుంది, అప్పుబడిన వారు అనేసరికి ఎదురుగా మనిషి మొహం కనిపిస్తుంది. ఆ మాట చెప్పిన ఆర్సీఎం అంకుల్ గారు మేం పాపసంకీర్తనానికి వెళ్ళి ఫాదర్ గారి చెవిలో చెప్పుకుంటాం, మీరందరూ కలిసి పుస్తకంలో చదివేస్తారు, పెంతెకోస్తు వాళ్ళు లేచి సాక్ష్యంలో చెప్తారు, మొత్తానికి ఎవ్వరం ఆ పక్కింటాయనకి మాత్రం చెప్పం అన్నారు.

ఇప్పుడు కమిటీ చేసిన తప్పు. ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టలాదివారం సాయంత్రం కూడికలో ఒక అన్నదమ్ముల్ని కలుపుదామని మేం ప్లాన్ వేశాం. పేర్లు రాయను, అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళ నాన్నగారి సమాధి మీద అన్నగారు నల్లరాయి పలక పెట్టించి, కింద కట్టించినవారు అని తన పేరు, భార్య పేరు మాత్రం చెక్కించారు. సిమెంటు డబ్బులు తమ్ముడివి. అది మనలో సగం మందికి తెలీదు, ఏదో ఆస్తి గొడవ అనుకున్నాం. ఇద్దర్నీ స్టేజి మీదకి పిలిచి వాక్యం చదివించి చేతులు కలిపించి కేక్ కోయించాం. చప్పట్లు కూడా కొట్టాం. ఆ ఫోటో ఇప్పుడు చూస్తే తెలుస్తుంది, తమ్ముడి చెయ్యి అన్న చేతిలో ఉంది గానీ వేళ్ళు ముడుచుకోలేదు, మొహం కెమెరా వైపు కూడా లేదు. ఆ రాత్రే ఆయన గ్రూపులోంచి లెఫ్ట్ అయ్యారు, ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకి కూడా రాలేదు. మేం మత్తయి 18:22 దగ్గర అంత సేపు కూర్చున్నాం గానీ, దానికి కాస్త పైన 15వ వచనంలో ముందు నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు అని ఉంది, తర్వాత ఒకరిద్దరు, ఆ తర్వాతే సంఘం. మేం తిన్నగా సంఘంతో మొదలుపెట్టాం, అది కూడా కేకుతో.

నవంబర్లో సమాధుల పండుగకి మా ఇంటివాళ్ళ సమాధి కడుగుతుంటే చూశాను. ఆ అన్నగారు తమ నాన్నగారి పలక మీద రెండో వరుస చెక్కించారు, తమ్ముడి పేరు, మరదలి పేరు. కొత్త అక్షరాలకి వేసిన పసుపు రంగు పాత వాటికంటే ముదురుగా ఉంది, దూరం నుంచే తేడా తెలిసిపోతోంది. తమ్ముడు పూలు పట్టుకుని వచ్చి చాలాసేపు చదువుకున్నారు. రెండే మాటలు వినపడ్డాయి నాకు. "పేరు ఏయించావంట." "ఆఁ." అంతే, తర్వాత ఇద్దరూ ఒకే బకెట్లో నీళ్ళు తెచ్చుకుని రాయి కడిగారు. ఈసారి కమిటీ ఫోటో తియ్యలేదు.

ఆ మట్టలాదివారంతో మొదలైన శ్రమల వారంలోనే ఇంకో చర్చ నడిచింది, యూత్ పిల్లలు నడిపారు, మా కంటే బాగా నడిపారు. ఏప్రిల్లో స్టెయిన్స్ గారి కేసులో శిక్ష పడిన ఒకతన్ని సత్ప్రవర్తన మీద పాతికేళ్ళ తర్వాత జైలు నుంచి వదిలారని పేపర్లో వచ్చింది కదా. చిన్నవాళ్ళకి తెలీదని మళ్ళీ చెప్పుకున్నాం. గ్రాహం స్టెయిన్స్ గారు ఆస్ట్రేలియా నుంచి 1965లో వచ్చి ఒడిశాలో బారిపదలో కుష్ఠురోగుల మధ్య పనిచేశారు, 1999 జనవరి 22 రాత్రి కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతుంటే ఆయన్నీ, పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ తగలబెట్టేశారు. ఆయన భార్య గ్లాడిస్ గారు క్షమించాను అన్నారు, కూతుర్ని పెట్టుకుని ఇంకో ఐదేళ్ళు అక్కడే ఉండి ఆ రోగుల పనే చూశారు, 2005లో పద్మశ్రీ ఇచ్చారు. ఇక్కడొక ఇంటర్ కుర్రాడు లేచి, ఆవిడ క్షమించాక మరి కోర్టు శిక్ష ఎందుకేసింది అంకుల్, తప్పు కదా అన్నాడు. ఒక్క నిమిషం ఎవరం మాట్లాడలేదు. తర్వాత స్కూల్లో టీచరుగా చేస్తున్న వదినగారు చెప్పారు, ఆవిడ వదులుకుంది తన గుండెలో ఉన్న పగని, కోర్టు చూసింది చేసిన నేరాన్ని, ఈ రెండూ ఒకటి కాదని ఆవిడ కూడా అన్నారు అని.

ఆర్సీఎం అంకుల్ గారు సిస్టర్ రాణి మరియ గారి సంగతి చెప్పారు. కేరళ ఆవిడ, 1995లో మధ్యప్రదేశ్‌లో బస్సులో పొడిచి చంపారు, ఆవిడ సొంత చెల్లెలు, ఆమె కూడా సిస్టరే, 2002లో జైలుకెళ్ళి ఆ చంపినవాడికి రాఖీ కట్టింది. నాకైతే అది నా వల్ల అయ్యే పని కాదనిపించింది, నిజం రాస్తున్నాను. రాఖీ కట్టేసరికి ఏడేళ్ళు పట్టింది అన్నది మాత్రం గుర్తుపెట్టుకున్నాను, మనం శ్రమకాలం నలభై రోజుల్లో అందర్నీ కలిపేద్దామనుకున్నాం.

ఆ చర్చ వల్ల ఒక మంచి జరిగింది, దానికి ముందు ఒక చెడ్డ ఉంది, అదీ రాయాలి. మన సభ్యురాలు ఒక చెల్లి, భర్త తాగి కొడుతున్నాడని రెండేళ్ళ కిందట మన పెద్దల దగ్గరికి వచ్చింది. మేం చెప్పింది ఏంటంటే, కడుపులో పెట్టుకో అమ్మా, ప్రార్థన చెయ్యి, క్షమించు, సర్దుకుపో. ఆ అమ్మాయి సర్దుకుపోయింది, మోచేయి విరిగేదాకా సర్దుకుపోయింది. లూకా 17:3లో మారుమనస్సు పొందినయెడల క్షమించుము అని ఉంది, మారుమనస్సు ఊసు మేం ఆయన్ని అడగలేదు, క్షమాపణ మాత్రం ఆమెని అడిగాం. ఇప్పుడు తను పుట్టింట్లో ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసింది, 2005 గృహహింస చట్టం కింద కేసు నడుస్తోంది. కమిటీ తరఫున ముగ్గురం వెళ్ళి మేం చెప్పింది తప్పమ్మా అని చెప్పాం. సరే అంకుల్ అంది, టీ ఇచ్చింది. క్షమించిందా లేదా అని మేం అడగలేదు, అడగకూడదని కూడా అప్పుడే తెలిసింది. ఇకనుంచి ఇలాంటి విషయం వస్తే ముందు ఆ మనిషి క్షేమంగా ఉందా లేదా చూసి తర్వాతే ప్రార్థన మాట ఎత్తాలని తీర్మానం చేసుకున్నాం, ఈ జనరల్ బాడీలో ఆమోదానికి పెడుతున్నాం.

కోతపండుగ రోజు మత్తయి 5:24 ప్రకారం అర్పణ బలిపీఠం దగ్గర వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడి రండి అని అయ్యగారు అంటే ముగ్గురు నిజంగానే లేచి వెళ్ళిపోయారు. ఒకరు తిరిగొచ్చారు. మిగతా ఇద్దరి కవర్లు ట్రెజరర్ గారి దగ్గర భద్రంగా ఉన్నాయి, వచ్చి తీసుకోవచ్చు లేదా ఇవ్వొచ్చు.

ఇక నా విషయం. పోయిన జనవరిలో చందా బాకీల లిస్టు మైకులో చదివింది నేనే. అందులో వరుసకి నాకు పిన్ని అయ్యే ఒకావిడ పేరుంది, మూడేళ్ళ బాకీ అని చదివాను. ఆవిడ ఒంటరి మనిషి, ఇడ్లీ బండి మీద వచ్చిన దాంట్లోంచి ఏ ఏటికాయేడు చందా కడుతూనే ఉన్నారు. నేను పేరు చదివినప్పుడు చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోవడం చూశాను కూడా, చూసి కూడా లిస్టులో తర్వాతి పేరు చదివాను. మార్చిలో పాత డైరీలు సర్దుతుంటే మూడు రసీదుల కౌంటర్ ఫాయిళ్ళు దొరికాయి, మూడింటి మీదా నా సంతకమే ఉంది. పుస్తకంలో ఎక్కించడం మర్చిపోయింది నేను.

గుడ్ ఫ్రైడే ముందు రోజు వాళ్ళింటికి వెళ్ళాను. పప్పు రుబ్బుతున్నారు, గ్రైండర్ ఆపలేదు. ఆ చప్పుడులోనే తప్పయిపోయింది పిన్నీ అన్నాను. గిన్నె నిండేదాకా మాట్లాడలేదు, తర్వాత స్విచ్ కట్టేసి చెయ్యి కడుక్కుని అన్నారు, "నా పేరు మైకులో చదివావు, సారీ వంటింట్లో చెప్తున్నావేందయ్యా?" నా దగ్గర సమాధానం లేదు. పోనీలే అంటారేమోనని వెళ్ళాను, మనవాళ్ళు అనేస్తారు కదా పోనీలే అని, ఆవిడ అనలేదు. అందులో తప్పేముంది, అన్నదాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యడానికి లేదు. ఆ తర్వాత గ్రూపులో రాద్దామా అనుకున్నాను, ఆవిడకి స్మార్ట్ ఫోనే లేదు. అక్కడ ఉన్నవాళ్ళందరి ముందూ, అదే మైకులో చెప్పాలి, దానికి జనరల్ బాడీ దాకా ఆగాలి, ఆగడం పేరుతో నేను కొన్నాళ్ళు తప్పించుకున్నాను కూడా.

కాబట్టి ఈసారి మీటింగులో మొదటి అంశం అదే. బాకీల లిస్టు ఇకమీదట మైకులో చదవం, ఎవరికి వాళ్ళకి చీటీ ఇస్తాం. లెక్కల పుస్తకంలో ఆ పేజీ దిద్దాం, కొట్టేసి పక్కన నేనూ ట్రెజరర్ గారూ సంతకం పెట్టాం, తెల్లరంగు పూసి కప్పెయ్యలేదు, పాత తప్పు కనపడుతూనే ఉంటుంది. పిన్నిని పిలిచాను, చూద్దాంలే, బండి ఎన్నింటికి అయిపోతుందో అన్నారు, అందుకని మీటింగు పదింటికి కాకుండా పదకొండున్నరకి మార్చాం. పుస్తకం టేబుల్ మీదే ఉంటుంది, మీ మీ పేజీలు చూసుకోండి, ఇంకెవరివైనా నేను ఎక్కించని రసీదులు ఉంటే దయచేసి పట్టుకురండి. భోజనాలు ఉంటాయి, స్టీలు గ్లాసులు మాత్రం ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోవాలి, పోయినసారివి పదకొండు తగ్గాయి.

ఇట్లు,
మీ సెక్రటరీ